ఫిబ్రవరి ముప్పై ఒకటిన పుట్టినదాన్ని

ఆ రోజుల్లో మా చాట్రాయి వైపు పుట్టినరోజు ఎవరికి కావాలి గనుక! కాయ కోతకొచ్చినప్పుడనో, ఊడ్పులప్పుడనో తల్లులు చెబితే, బళ్ళో మేష్టారు తోచిన తారీఖు వేసేసేవారు. నా సంగతి అలా కాదు. మా అమ్మ తను కూలికెళ్ళే మామిడితోట యజమాని ఇంట్లో కేలండర్ చూసి చెప్పించుకుని మరీ గుర్తుపెట్టుకుంది: 1941, మే ఎనిమిది. ఇంత ఖచ్చితంగా పుట్టిన మనిషిని పుట్టనివ్వకుండా ఎంతమంది అడ్డుపడ్డారో తలుచుకుంటే, ఈ వయసులోనూ నాకు ఒళ్ళు మండుతుంది.

మొదటి ముద్దాయి మా హైస్కూలు హెడ్మాస్టరు. ఇంగ్లీషువాళ్ళు పోయినా వాళ్ళ కేలండర్ పోలేదని ఆయనకు తీరని బాధ. సర్కారువారు శక సంవత్సరాన్ని జాతీయ కేలండర్‌గా ప్రకటించి, రేడియోలో ఆ తారీఖు చదివించడం మొదలుపెట్టగానే ఆయన ఇక ఇంగ్లీషు తారీఖు ముట్టలేదు. (పిల్లలంతా శకం మేష్టారు అనేవాళ్ళం, చాటుగానే లెండి.) నా సర్టిఫికెట్లో గుండ్రటి అక్షరాలతో ‘వైశాఖం 18, 1863’ అని రాసి సంతకం పెట్టారు. దానికి డెబ్భై ఎనిమిది కలిపితే 1941 వస్తుంది. ఆ సంగతి మేష్టారికి తెలుసు, రేడియోకి తెలుసు. నూజివీడులో టీచర్ ట్రైనింగు దరఖాస్తులు తీసుకునే గుమాస్తాకు మాత్రం తెలియదు.

"అమ్మాయ్, నీకు తొంభై ఆరేళ్ళమ్మా. ఇంత వయసు వాళ్ళకి సీటివ్వరు" అన్నాడాయన, రెండు జడలేసుకుని ఎదురుగా నిలబడ్డ నన్ను చూస్తూ, నవ్వకుండా.

"నన్ను చూస్తే తొంభై ఆరేళ్ళలా ఉన్నానాండీ?"

"నువ్వెలా ఉన్నావో నాకెందుకు? కాయితం ఎలా ఉందో చూడాలి."

డెబ్భై ఎనిమిది కలపమని బతిమాలాను. సర్టిఫికెట్లో ఉన్నది చూడటమే తన పనిగాని, లెక్కలు చెయ్యడం కాదన్నాడు. బస్సెక్కి వెనక్కెళ్ళి మేష్టారి కాళ్ళావేళ్ళా పడితే, "సర్కారు తారీఖు సర్కారు ఆఫీసులో చెల్లదా? నేను దిద్దను. వాణ్ణే నేర్చుకోమను" అని ఆయన భీష్మించుకు కూర్చున్నారు. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరిదీ పట్టుదలే. మధ్యలో సీటు పోయేది నాది. సీటు రాకపోతే అమ్మతోపాటు తోటలో కూర్చుని మామిడికాయల గంపల్లో గడ్డి పరవడమే. ఆ పని తక్కువని కాదు, కానీ నాకు బడి కావాలి. పలక బలపం చూస్తే ప్రాణం లేచొచ్చేది.

దరఖాస్తులకు ఆఖరి రోజు మా నాన్నను వెంటబెట్టుకెళ్ళాను. గుమాస్తా కాస్త మెత్తబడి, "ఇంగ్లీషు తారీఖేసి ఓ కాయితం రాసి, మీ నాన్నచేత వేలిముద్ర వేయించు" అన్నాడు. వరండాలో కూర్చున్నాను. అప్పుడు తిక్క రేగింది. నిజం తారీఖు ఇస్తే వెళ్ళగొట్టిన మనిషి, తారీఖంతా చదువుతాడా, సంవత్సరం ఒక్కటీ చూసి సరిపెట్టుకుంటాడా? పరీక్షించాలనిపించింది. ‘31 ఫిబ్రవరి 1941’ అని రాశాను. పట్టుకుంటే మర్యాదగా మార్చి రాసిద్దామని ఇంకో తెల్లకాయితం మడిచి చేతిలోనే ఉంచుకున్నాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు. మొహం విప్పారింది. "ఇదీ తారీఖంటే! ఇంత సుళువైన పనికి వైశాఖాలూ గీశాఖాలూ ఎందుకమ్మా?" అంటూ ముద్ర గుద్దేశాడు.

"ఫిబ్రవరికి ముప్పై ఒకటి ఉందాండీ?" అన్నాను.

ఆయన గోడమీద కేలండర్ వైపు చూశాడు, ముద్ర వైపు చూశాడు, నా వెనకున్న వరస వైపు చూశాడు.

"ముద్ర పడకముందు లేదు" అన్నాడు నిదానంగా. "ఇప్పుడు మార్చాలంటే పైవాళ్ళకి రాయాలి. జవాబొచ్చేలోపు సీట్లయిపోతాయి. ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

నేను నోరు తెరిచేలోపే మా నాన్న తలగుడ్డ తీసి రెండు చేతులూ జోడించాడు. "ఉంచెయ్యండి బాబూ." నా వైపు తిరిగి మెల్లగా, "పుట్టావు కదే, ఏ రోజైతే ఏంటి?" అన్నాడు. ఆ దండం చూశాక చేతిలో ఉన్న తెల్లకాయితం నలిపేశాను. ఆ గుమాస్తాను నేను క్షమించింది లేదు.

సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది. ఎందరు ఆఫీసర్లు మారారో, ఎన్ని సంతకాలు పడ్డాయో, నా ఫిబ్రవరి ముప్పై ఒకటిని ఒక్కరూ ప్రశ్నించలేదు. మార్పించమని అర్జీలు పెడితే ఆధారం చూపమన్నారు. (శకం మేష్టారి సర్టిఫికెట్ చూపిస్తే మళ్ళీ వయసు మించిపోయేది.) చివరికి ఒక మహానుభావుడు పట్టుకున్నాడు, సరిగ్గా నేను రిటైరయ్యే ఏడు. పట్టుకుని, ఫిబ్రవరి ఆఖరి రోజుకు సర్ది నన్ను ఇంటికి పంపేశాడు. అసలు పుట్టింది మేలో అంటే వినలేదు. ఏడో తరగతి పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి. వాళ్ళు "రేపు రారా టీచర్?" అని అడిగారు.

వరండాలో కూర్చుని పళ్ళు నూరుకుంటున్న ఆ రెండు జడల పిల్ల ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది. దాని కోపం న్యాయమైనదే, నేనేమీ అనను. కానీ పిచ్చిమొహమా, ముప్పై ఒకటి లేని నెల జూన్ కూడా ఉందిగా! జూన్ అని రాసుంటే, పిల్లలచేత పరీక్షలు రాయించి వచ్చేదాన్ని.