కుంటమని చెప్పింది నేనే

మొన్న మంగళవారం పొద్దున షిఫ్టుకు పోదామని సైకిలు బయటికి తీస్తుంటే, వదిన పిట్టగోడ అవతల నిలబడి ఉంది. "మీ అన్న పోయినాడప్పా" అంది. ఏడవడం లేదు. సైకిలు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళాను. అన్న చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, చొక్కా జేబులో కొలతలు తీసే కాలిపర్సు అలాగే ఉంది. నేను ఆ రోజు పనికి పోలేదు, ఆయన పక్కనే కూర్చున్నాను. పదేళ్ళ కిందట ఇంకో రోజు కూడా ఇట్లాగే పని మాని ఆయన పక్కన కూర్చోవలసింది. ఆ రోజు మాత్రం టైముకు పోయి కార్డు కొట్టాను.

అన్న నాకు సొంత అన్న కాదు. రేణిగుంట దగ్గర పంపుసెట్లు చేసే ఫ్యాక్టరీలో నాకు ఇనుము చెక్కే లేతు మిషను మీద పని నేర్పినవాడు, ఆ తర్వాత పక్కింటివాడు. పేరు రాయడం లేదు. ఆయన పేరు టైపు కొట్టిన కాగితాలు ఆయన బతుక్కు చాలినన్ని వచ్చాయి, ఒక్కటీ మేలు చేయలేదు. చదివే మీకు అన్న అంటే చాలు.

పనిలో ఆయనంత చాదస్తుణ్ణి నేను చూడలేదు. మిషను తిరుగుతుంటే కూర్చునేవాడు కాదు. కాలిపర్సు ఆదివారం కూడా జేబులోనే ఉండేది, పెళ్ళికి పోయినా సరే. వదిన దాన్ని సవతి అనేది. చేరిన కొత్తలో నేను ఒక షాఫ్టు వెంట్రుకంత ఎక్కువ తీసేశాను. ఎవరికీ తెలిసేది కాదు. అన్న దాన్ని వేళ్ళతో తడిమి చూసి పక్కన పడేశాడు. "కొలిసినాక ఇంకోతూరి కొలువప్పా, ఇనుము ఏమీ అనుకోదు" అన్నాడు. మధ్యాహ్నం తన సంగటి ముద్దలో సగం, ఊరిబిండి పచ్చడితో సహా, నా గిన్నెలో పెట్టాడు. తిట్టిన రోజు అన్నం పెట్టడం ఆయన అలవాటు. తిట్లు ఎక్కువే తిన్నాను కాబట్టి సంగటి కూడా ఎక్కువే తిన్నాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, ఎండాకాలంలో, అన్న సెలవు రోజు వదిన పుట్టింటికి పోయాడు. అది పుత్తూరు పక్కన పల్లె. బావిలో పడిన చేద తీయబోయి మెట్ల మీద జారాడు. ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. ఆ వైపు వాళ్ళకు ఎముక విరిగితే ఆసుపత్రి గుర్తుకు రాదు, రానక్కర లేదు కూడా. బామ్మర్దులు బండి కట్టి పుత్తూరు తీసుకుపోయారు. అక్కడ పెద్దాయన ఎముక సర్ది, ఆకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. వారం వారం కట్టు మార్చాలి, రెండు నెలలు కాలు నేల మీద పెట్టకూడదు అన్నాడు.

నేను ఆ సంగతి యూనియన్ సెక్రటరీకి చెప్పాను. అప్పుడు నేను జాయింటు సెక్రటరీని. నా చేతిరాత బాగుంటుందని మినిట్సు పుస్తకం నాకిచ్చి, దాంతోపాటు ఆ పదవి కూడా ఇచ్చారు. సెక్రటరీ తల ఎత్తకుండానే, "యూనియన్ చూసుకుంటాదని చెప్పుపో" అన్నాడు. నేను ఆదివారం బస్సెక్కి పుత్తూరు పోయి ఆ మాట అన్నకు చేరవేశాను. మంచి వార్త మోసుకుపోతున్నానని దారంతా నాకు సంతోషంగా ఉంది. అన్న కట్టు మీద చెయ్యి వేసుకుని, "ఇంకేమప్పా అయితే" అని కళ్ళు మూసుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వేరుశెనగ పీకే రోజుల్లో మా ఫ్యాక్టరీలో ఎముకలు తెగ విరిగేవి. నిన్న బాగా ఉన్నవాడు ఇవాళ చేతికి గుడ్డ చుట్టి, పుత్తూరు కట్టు అని చెప్పి, పదిహేను రోజులు చేనుకు పోయేవాడు. మేనేజ్‌మెంటుకు అది తెలుసు, మాకూ తెలుసు. అందుకే ఆ ఏడు కుదిరిన అగ్రిమెంటులో ఒక షరతు పెట్టారు. ఫ్యాక్టరీ చెప్పిన డాక్టరు సర్టిఫికెట్టు ఉంటేనే జబ్బు సెలవు. లేకపోతే చెప్పకుండా పని మానినట్టే లెక్క. యూనియన్ తరపున సంతకం పెట్టింది సెక్రటరీ. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని మీటింగులో గడగడా చదివితే అందరం చప్పట్లు కొట్టాం. అన్న కూడా కొట్టాడు.

రెండు నెలలకు అన్న పనికి వచ్చాడు. ఏ కాలు విరిగిందో తెలియనంత చక్కగా నడుస్తూ వచ్చాడు. గేటు దగ్గరే చార్జిషీటు చేతిలో పెట్టారు.

యూనియన్ ఆఫీసంటే స్టేషను ఎదురుగా టీ కొట్టు మీద ఒక గది. అన్నతో పాటు నేనూ మెట్లెక్కాను. సెక్రటరీ చెడ్డవాడని నేను ఈ రోజుకీ అనను. సస్పెండయిన వాళ్ళను ఎందరినో వెనక్కి తెప్పించిన మనిషి. నన్ను పర్మనెంటు చేయించింది కూడా ఆయనే. అన్న విచారణకు తోడు మనిషిని అడిగాడు. అట్లాంటి విచారణలో పనివాడి పక్కన యూనియన్ మనిషి ఒకడు కూర్చోవచ్చు, కాకపోతే సెక్రటరీ ఉత్తరం ఇవ్వాలి.

"అన్నా, నీ కాలు ఇరిగిందని నాకు తెలుసు. నాకు తెలిసేది వేరు, కాయితం వేరు" అన్నాడు సెక్రటరీ. "ఆ కాయితం మీద సంతకం నాది. నీ కోసరం నేనే దాన్ని తప్పంటే, రేపు ఇంకో మాటకు వాళ్ళ ముందర ఏ మొగం పెట్టుకుని కూర్చునేది?"

"సంతకం పెట్టేటప్పుడు మాకు ఇడమర్చి సెప్పినావా?"

"చదివినాను గదా. అందరూ చప్పట్లు కొట్టినారు."

"ఇంగ్లీషుకు కొట్టినామప్పా" అన్నాడు అన్న.

తిరుపతిలో ఒక సత్రం హాల్లో సర్వసభ్య సమావేశం జరిగినప్పుడు అన్న లేచి నిలబడ్డాడు. ఆయన మీటింగులో మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులోని కాలిపర్సు పట్టుకున్నాడు. "నన్ను గెలిపించమని అడగడం లా. ఈ యూనియన్ జెండా కర్ర పాతిన నాడు గుంత తవ్వింది నేను. ఆడ నేను ఒక్కణ్ణే కూసోవాల్నా? పక్కన ఒక మనిషిని కూసోబెట్టండి. ఆ మనిషి నోరు తెరవకపోయినా సరే."

ఇంకొక్కరు లేచి నిలబడి ఉంటే ఆ రోజు మాట మారేది, నాకు ఇప్పటికీ అదే అనిపిస్తుంది. ఈలోగా వెనక నుంచి ఎవరో, "కాలిరిగినోడు బలే నిలబడినాడే" అన్నారు. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు, కానీ తల దించుకుని మినిట్సు రాస్తూ కూర్చున్నాను. 'సభ్యుని విన్నపము పరిశీలించబడినది' అని రాశాను. అక్షరాలు ముత్యాల్లాగా వచ్చాయి.

ఆ నవ్వు నుంచే నాకు ఆ పాడు ఆలోచన పుట్టింది. బయట టీ కొట్టు దగ్గర అన్నను పక్కకు పిలిచాను. "అన్నా, ఎంక్వైరీకి పొయ్యేటప్పుడు రవ్వంత కుంటు" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "ఆ పెద్దాయన కాలు బాగా కట్టినాడు. అది నా తప్పా?"

"తప్పని కాదన్నా. ఇరిగినట్టు కనపడాల గదా. ఎవరు నమ్ముతారు?"

గ్లాసు అక్కడ పెట్టేసి వెళ్ళిపోయాడు. వెంట్రుకంత తేడా ఉన్న షాఫ్టును పక్కన పడేసే మనిషికి నేను చెప్పిన మాట అది. సాయంత్రం పిట్టగోడ దగ్గరకు వచ్చాడు. అడగడానికి సిగ్గుపడుతూ అడిగాడు. "ఎంత కుంటాల?"

నేను పెరట్లో నడిచి చూపించాను. నా వెనకే ఆయన నడిచాడు. బాగాలేదని ఇంకోసారి నడిచాడు.

విచారణ రోజు సెక్రటరీ ఉత్తరం ఇవ్వలేదు. ఉత్తరం లేకపోయినా నేను పోయి ఉండవచ్చు. గెంటేస్తే గెంటేసేవాళ్ళు. నన్ను పర్మనెంటు చేయించిన మనిషికి ఎదురు పోవడానికి భయపడ్డాను, అంతకు మించి కారణం లేదు. నా లేతు పక్క కిటికీలో నుంచి చూస్తే ఆఫీసుకు పోయే దారి కనపడుతుంది. అన్న ఆ ఎండలో ఒక్కడే కుంటుతూ పోతున్నాడు. సగం దారిలో ఆగి మా షెడ్డు వైపు చూశాడు. నేను మిషను మీదికి వంగాను. కొలిచిందే మళ్ళీ కొలిచాను.

లోపల జరిగింది ఆయనే తర్వాత చెప్పాడు. నీ తరపున ఎవరని అడిగితే "వస్తారు సార్" అన్నాడట. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపు చూసి మొదలుపెట్టారు. సర్టిఫికెట్టు లేదు. ప్యాంటు పైకి లాగమన్నారు. మచ్చ లేదు, వాపు లేదు. ఆఫీసరు బల్ల మీదుగా వంగి, "ఏ కాలయ్యా?" అని అడిగాడట. పదిహేను రోజులకు పనిలో నుంచి తీసేసినట్టు ఉత్తరం వచ్చింది.

అక్కడితో ఊరుకుంటే అన్న కాదు. చిత్తూరులో లేబర్ ఆఫీసుకు పోయాడు. ఫ్యాక్టరీ మీద కంటే యూనియన్ మీదే ఎక్కువ రాయించాడు. నా మనుషులు నా పక్కన ఎందుకు కూర్చోలేదో చెప్పించండి, అదే ఆయన అడిగింది. వాళ్ళు యూనియన్‌ను వివరం అడిగారు. 'ఈ విషయమున యూనియన్ చెప్పవలసినదేమియు లేదు' అని జవాబు పోయింది. సెక్రటరీ చెప్పాడు, నేను రాశాను. కొన్నాళ్ళకు అన్న చిత్తూరు నుంచి వచ్చి పిట్టగోడ మీద చేతులు ఆనించి, "నీ అచ్చరాలు యాడున్నా గుర్తుపడతా రా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపపడి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది.

చిత్తూరుకు తిరగడం ఏళ్ళ తరబడి సాగింది. వాయిదా పడటం, ఆఫీసరు మారటం, మళ్ళీ మొదలుపెట్టటం. అన్న తిరుపతిలో ఒక చిన్న వర్క్‌షాపులో పాత లేతు మీద పనికి కుదిరాడు. బజారులో ఫ్యాక్టరీ వాళ్ళు ఎవరు చూస్తారోనని కుంటుతూనే తిరిగేవాడు. ఇంట్లో కూడా మానలేదు. ఒక రోజు వదిన నా ఎదురుగానే అడిగేసింది. "ఇంట్లో నీకు ఎవురు సూస్తారని ఈ నడక? తిన్నగా నడువు."

"ఈడ తిన్నగా నడిస్తే ఆడ మర్సిపోయి నడిచేస్తా" అన్నాడు.

వదిన నా వైపు చూసింది. ఆ నడక ఎవరు నేర్పారో ఆమెకు తెలుసు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

చివరికి అన్నకు ఏమీ దక్కకుండానే చిత్తూరులో కేసు మూసేశారు. ఆ మరుసటి వారం అన్న కొండకు నడిచిపోదామన్నాడు. అలిపిరి దగ్గర మెట్లు మొదలుపెట్టాం. జనం పల్చబడినాక, ముందూ వెనకా ఎవరూ లేని చోట నేను ఆగాను. కేసు లేదు, చూసేవాడు లేడు, ఇంక ఆ పాపం దించేసుకుందామని నా ఆశ.

"అన్నా, ఈడ ఎవురూ లేరు. తిన్నగా నడువు."

ఆయన రెండు మెట్లు ఎక్కాడు. ఆగాడు. ఎడమ కాలు మీద చెయ్యి పెట్టి అదిమి, ఇంకో మెట్టు ఎక్కాడు. నడుము పక్కకు వంగింది. మళ్ళీ ప్రయత్నించాడు. తిరిగి నన్ను చూసి, నేనేదో నొచ్చుకుంటానన్నట్టు మెల్లగా చెప్పాడు. "రాలేదు రా. ఎన్నాళ్ళాయెనో ఏమో, నాకే తెలీలా."

నేను మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన నా పక్కన కూర్చున్నాడు. నేను ఏడుపు ఆపేదాకా కూర్చున్నాడు. పక్కన కూర్చోవడం అంటే ఏమిటో ఆయన నాకు అట్లా చూపించాడు. తర్వాత లేచి, "నా పక్కన నడువు, సాలు" అన్నాడు. నా భుజం పట్టుకుని కొండ ఎక్కాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు. వర్క్‌షాపులో ఒక కాలి మీదే బరువు వేసి నిలబడి పనిచేసేవాడు, సాయంత్రానికి నడుము పట్టేసేది. అయినా మిషను తిరుగుతుంటే కూర్చోలేదు. నేను సంగటి తీసుకుపోతే సగం నాకే పెట్టేవాడు. నేను క్షమించమని ఏ రోజూ అడగలేదు. అడిగితే "దేనికి రా" అంటాడని భయం.

మంగళవారం మధ్యాహ్నం స్నానం చేయించాం. కాళ్ళ దగ్గర నేనే ఉన్నాను. బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టాలి, ఎవరో గుడ్డపీలిక నా చేతికిచ్చారు. పాదాలు దగ్గరకు చేర్చాను. కాళ్ళు రెండూ తిన్నగా సాగాయి. మడమలు సమంగా ఉన్నాయి, మోకాళ్ళు సమంగా ఉన్నాయి. కట్టిన ముడిని అలవాటు చొప్పున విప్పి, ఇంకోసారి చూసుకుని మళ్ళీ కట్టాను.

మూడు గంటలప్పుడు సెక్రటరీ పూలదండతో వచ్చాడు. ఇప్పుడు ఆయన కూడా ముసలాయనే, రిటైరయ్యాడు. దండ వేసి, కాసేపు నిలబడి, నా పక్కన నేల మీద కూర్చున్నాడు. అన్న పాదాల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నా చెవి దగ్గరకు వంగి, నిజంగానే తెలియక అడిగాడు.

"ఏ కాలప్పా ఇరిగింది ఆయనకు?"

నేను పాదాల వైపు చూశాను. తెల్లటి పీలికతో కట్టిన రెండు బొటనవేళ్ళు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి.