పెదవులు ఆగాక

2022 వేసవి. తెనాలిలో మా డబ్బింగ్ స్టూడియో అంటే మేడ మీద రెండు గదులు. ఒకదాంట్లో మైకు, రెండోదాంట్లో కంప్యూటర్ ముందు నేను. కాలేజీల ప్రకటనలు, ఎన్నికల పాటలు, ఏది వస్తే అది చేసేదాన్ని. అప్పుడు ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు పారిస్ కమ్యూన్ మీద తీసిన పాత సినిమా తెచ్చారు. 1871లో పారిస్ కార్మికులు నగరాన్ని తమ చేతుల్లోకి తీసుకుని రెండు నెలలు నడుపుకున్న కథ. ఆఖరికి సైన్యం దిగి, దొరికినవాళ్లను గోడకు నిలబెట్టి కాల్చేసింది. దాన్ని తెలుగు చేసి పేరాల నేతపనివాళ్లకు చూపించాలన్నారు.

అందులో చెప్పులు కుట్టే ముసలాయన పాత్రకు రేపల్లె నుంచి కోటయ్య గారు వచ్చారు. జీవితమంతా పౌరాణిక నాటకాలు ఆడిన మనిషి.

"అమ్మాయ్, వచ్చే వారం గుంటూరులో నాకు ఆపరేషన్. గొంతులో క్యాన్సరంట. స్వరపేటిక తీసేస్తారంట. ఈలోగా కానిచ్చెయ్యాలి" అన్నారు, టిఫిన్ సంగతి చెప్పినంత మామూలుగా.

మా పనిలో లిప్ సింక్ ముఖ్యం. తెర మీది మనిషి పెదవులు ఆగితే మాటా ఆగాలి. కోటయ్య గారేమో స్టేజీ అలవాటుకొద్దీ ప్రతి మాట చివరా రాగం తీసేవారు.

"బాబాయ్, అది పద్యం కాదండి. ఆపెయ్యాలి."

"వెనక బెంచీకి వినపడొద్దా ఏంటి?"

"మైకుంది కదండి!"

"ఉంటే ఉండనియ్యమ్మా. అలవాటు పోవద్దూ!"

నవ్వుకుంటూనే మళ్లీ మళ్లీ చేయించాను. గోరువెచ్చని నీళ్లు తాగుతూ ఓపిగ్గా చెప్పారు. చివరి సీను మిగిలింది. గోడ ముందు ముసలాయన తుపాకులు ఎత్తిన సైనికులతో, "మీరూ కూలివాళ్ల బిడ్డలే కదా..." అంటుండగానే తూటా తగులుతుంది. పెదవులు ఆగిపోతాయి. కోటయ్య గారు మాత్రం ఆగలేదు. తుపాకి మోగాక కూడా "నాయనా..." అని సాగదీశారు. చివర్లో గొంతు చీలిపోయింది. మళ్లీ ప్రయత్నిస్తే గుసగుస తప్ప ఏమీ రాలేదు.

"ఆ ముక్క కోసేస్తావా?" అని అడిగారు.

"కొయ్యాలి బాబాయ్. అక్కడ పెదవులు కదలట్లేదు."

"చచ్చిపోయినోడికి పెదవులెక్కడ కదుల్తాయమ్మా? మాటన్నా ఉండనియ్యి."

ఆపరేషన్ అయింది. గొంతు పోయింది. ఆ ముక్క కోద్దామని కూర్చున్న ప్రతిసారీ ఏడుపొచ్చి లేచిపోయాను. కోయలేదు. "అక్కడ సింక్ తప్పింది మేడమ్" అని సొసైటీ వాళ్లన్నారు. తెలుసన్నాను.

సినిమా వేసే రోజు రైలెక్కి, బాపట్ల దాటి చీరాలలో దిగి, పేరాల వెళ్లాను. కోటయ్య గారు మెడకు గుడ్డ చుట్టుకుని ఆఖరి బెంచీలో కూర్చున్నారు. తెర మీద ముసలాయన నేలకూలాడు. "నాయనా..." అన్న కోటయ్య గారి గొంతు మాత్రం హాలంతా వినిపించింది. ఎవరూ కదల్లేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. కోటయ్య గారు చెవి మీద చెయ్యి పెట్టుకుని, వినపడిందన్నట్టు తలూపారు.

ఆ చలికాలం ఆయన దాటలేదు. లిప్ సింక్ తప్పితే నేను ఇప్పటికీ ఊరుకోను. కాకపోతే ఎవరి మాటైనా కోయాల్సి వస్తే, ముందు దాన్ని చివరిదాకా వింటాను.