పేడపురుగు పొట్ట మీద చోటు

పచ్చరాతి పేడపురుగును బోర్లా పట్టుకుని, తడి ఇసుక చల్లిన బండ మీద గుండ్రంగా అరగదీస్తున్నాడు కెన్న. రెక్కలు, తల, కాళ్లు నిన్ననే పూర్తయ్యాయి. ఇక పొట్ట చదును కావాలి. రాత అంతా పొట్ట మీదే.

పొలాల్లో పేడ ఉండను వెనక్కాళ్లతో నెట్టుకుపోయే పురుగే ఇది. పొద్దున్నే సూర్యుణ్ణి ఆకాశంలోకి దొర్లించేదీ దీని జాతిదే. మళ్లీ పుడతారన్న ఆశతో చచ్చినవాళ్ల రొమ్ము మీద, గుడ్డ చుట్టల మధ్య దీన్ని పెడతారు. పొట్ట మీది రాతకు మాత్రం ఇంకో పని ఉంది. చచ్చాక అవతలి సభలో గుండెను త్రాసులో సత్యానికి గుర్తైన ఈకకు ఎదురుగా పెట్టినప్పుడు, ఆ గుండె నోరు విప్పి తనవాడి బండారం బయట పెట్టకుండా చూడాలి. మంచివాళ్లు కూడా చేయించుకుంటారు. కాకపోతే వాళ్లు వారం వారం వచ్చి ‘అయిందా, అయిందా’ అని అడగరు.

ఉసెర్హాత్ అడుగుతాడు. నైలు పొంగు తీశాక తాడుతో పొలాలు కొలిచి, కొట్టుకుపోయిన హద్దురాళ్లు మళ్లీ పాతించే అధికారి అతను. ముప్ఫై ఏళ్లుగా అదే కొలువు. ఆ ముప్ఫై ఏళ్లలో ఎవరెవరి పొలాలో చిక్కిపోయాయి గాని అతని పొలం ఒక్క ఏడూ చిక్కలేదు.

ఆ పూట కూడా వచ్చాడు. ఒంటికి ఏ లోటూ రాకుండా కాచే నీలి కన్ను ఒకటి చాలదని మెడలో రెండు వేసుకున్నాడు. వాటి కింద, వెన్ను నిటారుగా నిలిపే స్తంభం బొమ్మ. పెద్దదొర ఎదురైనప్పుడల్లా అది అతని పొట్టలో గుచ్చుకునేది, అంతలా వంగేవాడు మరి.

“ఏమయ్యా కెన్నా, అయిందా నా పురుగు?”

“పొట్ట అరుగుతోంది దొరా. రాత రేపటి నుంచి.”

“ఆ రాత సంగతే చెబుదామని వచ్చా. మామూలు మంత్రం చాలదు.”

“రాజులకే చాలింది కదా!”

“రాజులు పొలాలు కొలిచారా?” ఉసెర్హాత్ చాప మీద చతికిలబడ్డాడు. “చూడు. గుండెను ఊరికే ‘ఏమీ చెప్పకు’ అంటే, అది ‘దేని గురించి?’ అంటుంది. ఫలానా పొలం, ఫలానా దిక్కు, ఇన్ని మూరలు అని తేల్చి రాయాలి. తేల్చి రాయని ఉత్తర్వుల్లోంచి నేనే ఎన్నిసార్లు జారిపోయానో నీకేం తెలుసు?”

కెన్న ఇరవై ఏళ్లుగా ఈ పురుగులు చెక్కుతున్నాడు. దాచుకోవాల్సింది రాతి మీద చెక్కించుకునేవాణ్ణి చూడటం ఇదే మొదలు. అయినా పని పనే. కుండపెంకు ఒకటి తీసి, రెల్లు కలం సిరాలో ముంచాడు.

ఉసెర్హాత్ వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయాడు. గుడి మాన్యంలో ఉత్తరం వైపు పది తాళ్ల నేల. ఒక ముసలావిడ ఖర్జూరపు తోటలో అంచు. యుద్ధానికి పోయిన సిపాయిది నల్లమట్టి చెక్క. చచ్చిపోయిన తమ్ముడి వాటాలో సగం. సారా కాచేవాడి బార్లీ పొలంలో మూల. చెబుతుంటే అతని గొంతులో సిగ్గేమీ లేదు, వంటకు సరుకులు చెబుతున్నట్టుంది.

“ఇంకా… ఆఁ, వాబెత్ అని ఎవరో ఆడమనిషి. కాలువ అంచున మూడు మూరల వెడల్పు. నా గట్టు పక్కదేలే. మనిషి గుర్తు లేదు.”

కెన్న కలం ఆగింది.

వాబెత్ అతని భార్య. తల్లి ఇచ్చిన అవిసె చేనుకు ఆ మూడు మూరలే కాలువ దారి. ఎనిమిదేళ్ల కిందట హద్దురాయి జరిగాక అక్కడి ఏతాం పీకేసి, చుట్టూ తిరిగి కుండలతో నీళ్లు మోస్తోంది. ఈ ఏడు ఆమె భుజం పూర్తిగా పట్టేసింది. ఏతాం నిలపడానికి చోటు దొరక్కపోతే చేను వదులుకోవడమే. పంచాయితీకి రెండుసార్లు ఆమె ఒక్కతే వెళ్లింది. రెండుసార్లూ పెద్దలు కొలతకు పిలిచింది ఉసెర్హాత్‌నే.

కెన్న ఆ పేరూ రాసుకున్నాడు.

ఇంటికి వెళ్లి పెంకు చూపిస్తే వాబెత్ ఉల్లిపాయలు కోస్తున్న కత్తి కింద పడేసింది.

“వాడి నోటితోనే అన్నాడా? మరి నువ్వేమన్నావు?”

“రాసుకున్నా.”

“రాసుకున్నావా! నువ్వు చెక్కే పేడపురుగుకున్న పాటి నోరు కూడా లేదయ్యా నీకు.”

“అరిస్తే ఏమవుద్ది? ఈ రాత నాది, పెంకు నాది. నేనే కల్పించానంటాడు.”

“అయితే ఒక పని చెయ్. ఆ రాయి పాడుచెయ్. మంత్రం సగంలో ఎగ్గొట్టు. అవతల త్రాసు పక్కనే కాచుక్కూచునే ఆ మొసలి తలకాయది వాడి గుండెను కరకరా నమిలెయ్యాలి.”

“పని పాడుచెయ్యను.”

“నా భుజం పాడైనా ఫర్వాలేదు గాని!”

కెన్న దీపం దగ్గరికి జరిగి, వెంట తెచ్చుకున్న పురుగు పొట్ట మీద ఎర్ర సిరాతో గీతలు గీసుకున్నాడు. అక్షరం బార్లీ గింజంత ఉండాలి. అది అతని తాత పెట్టిన కొలత. పేరుతో కలిపి మంత్రానికి ఏడు వరుసలు. మిగిలిన చోటు ఐదు వరుసలకు సరిపోతుంది. మళ్లీ గీశాడు. మళ్లీ ఐదే వచ్చాయి.

“ఏమిటి చూస్తున్నావ్?” అంది వాబెత్.

“ఒకటి పట్టదు” అన్నాడు.

మర్నాడు ఉసెర్హాత్ ఈ మాట విని ఎగిరిపడ్డాడు.

“పట్టకపోవడమేంటి? చిన్నగా చెక్కు!”

కెన్న ఒక పనికిరాని రాతిముక్క తీసి, చెకుముకి ములుకుతో చిన్న అక్షరం మొదలుపెట్టాడు. రెండో గీతకే అంచు పెచ్చుగా లేచింది.

“ఇలాగే మీ పేరు కూడా లేచిపోవచ్చు దొరా.”

“అయితే పెద్ద రాయి తే!”

“ఈ పచ్చరంగులో ఇంతకన్నా పెద్దది దొరకదు. మీరే వెతికి తెచ్చారుగా.”

ఉసెర్హాత్ మెడలోని కళ్లు రెండూ పట్టుకుని కూర్చున్నాడు. “పోనీ, ఒకటి రాయకుండా వదిలేద్దాం.”

“ఐదు తలుపులు గడియపెట్టి ఆరోది తెరిచి పెట్టినట్టు ఉంటుంది. గుండె ఆ ఒక్కటే చెప్పడానికి కాచుకు కూర్చుంటుంది. చెప్పడానికి ఏమీ లేకుండా చేస్తే తప్ప.”

“అంటే?”

“హద్దురాయి వెనక్కి జరపడమే. జరిపితే ఆ వరుస అక్కర్లేదు.”

అధికారి మొహం మాడిపోయింది. పెంకు లాక్కుని ఒక్కొక్కటే చూశాడు. “గుడి మాన్యమా, మంచి నేల. ఖర్జూరాలు ఇప్పుడే ముదురుతున్నాయి. సిపాయి… నల్లమట్టి ఎవడిస్తాడు! తమ్ముడి సగం ఇస్తే వాడి కొడుకు రెండో సగం కూడా అడుగుతాడు. సారావాడి బార్లీ బాగా పండుతుంది…” వేలు చివరి పేరు మీద ఆగింది. “ఇది మూడు మూరలేగా. పోతే పోనీ. ధర్మం చేసినట్టూ ఉంటుంది.”

కెన్న గొంతు దాకా మాట వచ్చింది. మింగేశాడు. ఆ ఆడమనిషి తన భార్యేనని తెలిస్తే, ఇదంతా ఎత్తుగడని పంతం పట్టి ఇతను సారావాడి మూల వదులుకునైనా మూడు మూరలు ఉంచుకుంటాడు.

“మీ ఇష్టం దొరా. రాయి జరిగాకే చివరి వరుసలు చెక్కుతా. పచ్చరాయి మీద చెక్కింది తుడిస్తే పోయేది కాదు.”

రెండు రోజులు గడిచాయి. మూడోనాటి మధ్యాహ్నం వాబెత్ బురదకాళ్లతోనే పనిచోటికి వచ్చింది.

“నీ దొర మోకాలి లోతు బురదలో హద్దురాయి మోస్తున్నాడయ్యా! ఎవరైనా చూస్తారని తాడు పట్టేవాణ్ణి కూడా తెచ్చుకోలేదు. ‘గట్టు కోతపడింది, సరిచేస్తున్నా’ అన్నాడు నాతో. ‘ఎనిమిదేళ్లకి కనపడిందా బాబూ’ అన్నా.”

“ఇంకేమీ అనలేదుగా?”

“అనలేదులే. ఇంకో గుప్పెడు అవతలికి పెట్టమన్నా. పెట్టాడు.”

“నా పేరు?”

“నీ పేరెందుకు? ఆ ఏతాం దుంగ ఎక్కడ పెట్టావో అది చెప్పు.”

చెప్పాడు. ఆమె వెళ్లాక ములుకు కొత్తగా నూరి, పనిలో కూర్చున్నాడు. గుడి మాన్యం, ఖర్జూరపు తోట, సిపాయి నల్లమట్టి, తమ్ముడి సగం, సారావాడి మూల. వరుసకొకటి చొప్పున, అక్షరం బార్లీ గింజంత, ఎక్కడా పెచ్చు లేవకుండా నాలుగు రోజులు చెక్కాడు. తర్వాత నూనె రాసి, మెత్తని తోలుతో రుద్దాడు. రాయి లేత ఆకులా మెరిసింది.

ఉసెర్హాత్ వచ్చి గోటితో ఒక్కొక్క వరుసా తడిమి చదువుకున్నాడు.

“ఐదూ ఉన్నాయి. కొలతలు కూడా మూర తేడా లేవు.”

ముప్ఫై ఏళ్లలో అతని పేరు కింద సరైన కొలతలు కనపడటం అదే మొదలు.

కెన్న పురుగును నారబట్టలో చుట్టి, ముడివేసి, అతని చేతిలో పెట్టాడు. ఉసెర్హాత్ అరచేయి కొంచెం కిందికి దిగింది.

“బరువుగానే ఉందే?”

“ఐదు పొలాలు కదా దొరా” అన్నాడు కెన్న.