రాయిలో లేని పేరు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇది రాస్తున్న ఇప్పుడు కూడా నమ్మను. హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఆధారం లేని మాట పలకకూడదని పిల్లలకు నేర్పినదాన్ని. అందుకే ఈ సంగతి నన్ను ఇంతగా బాధపెట్టింది.

2000 దాటాక వరసగా వచ్చిన కరువు ఏళ్లవి. రాయదుర్గంలో కొందరం కలిసి చిన్న చరిత్ర సంఘం నడిపేవాళ్లం. సెలవు రోజున ఏదో ఒక పల్లెకు వెళ్లి, అక్కడి శాసనాన్ని శుభ్రం చేసి, తడి కాగితం మీద అచ్చు తీసి, ఊరివాళ్ల ముందు చదివి వినిపించేవాళ్లం. పిల్లలకు పాత అక్షరాలు నేర్పేవాళ్లం.

గుమ్మఘట్ట దగ్గర ఒక పల్లెలో, పూడిపోయిన బావి పక్కన అలాంటి రాయి ఒకటి మట్టిలో సగం కూరుకుని పడి ఉండేది. కరువులో ఒక ఆడమనిషి తన నగలు అమ్మి ఆ బావి తవ్వించిందని అందులో ఉంది. ఆమె పేరు ఉండాల్సిన మూల మాత్రం విరిగిపోయింది. నా నోటుబుక్కులో అక్కడ చుక్కలు పెట్టుకున్నాను.

ఆ రాయిని తీసి, నడవడానికి వీలుగా మురుగు పారే మోరీ మీద పరచాలని సర్పంచ్ తిప్పేస్వామి అనుకుంటున్నాడు. ఎలాగైనా ఆపాలని శనివారం పొద్దున బావి దగ్గరే షామియానా వేయించాం. జనం బాగానే వచ్చారు.

“ఎవురిదో తెలీని రాయికి ఇంత గలాటా ఏంటికి మేడమ్? మోరీమింద ఏస్తే నలుగురన్నా నడుస్తారు” అన్నాడు తిప్పేస్వామి.

నేను శాసనం చదవడం మొదలుపెట్టాను. చివరిదాకా చదివాను. జనం చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు ముసలమ్మలు రాయికి దండం పెట్టారు. నాకు సంతోషమేసింది.

తిరిగొచ్చేటప్పుడు జీపులో మా కార్యదర్శి రామాంజనేయులు అడిగాడు.

“మేడమ్, ఓబళక్క అనే పేరు యాడ చదివినారు? ఆడ అక్షరాలే లేవు కదా.”

నేను ఆ పేరు అనలేదన్నాను. అన్నానని జీపులో ఉన్న నలుగురూ చెప్పారు. ఒక టీచరు అయితే తన పుస్తకంలో రాసుకుంది కూడా.

ఆ వారమంతా వెతికాను. నా నోట్సు, అచ్చు కాగితాలు, మా దగ్గరున్న పాత పుస్తకాలు అన్నీ తిరగేశాను. ఎక్కడా ఆ పేరు లేదు. మా బంధువుల్లోనూ, నేను పాఠం చెప్పిన పిల్లల్లోనూ ఆ పేరుగలవాళ్లు లేరు. అంటే ఆధారం లేని పేరును వంద మంది ముందు చదివానన్నమాట. వెళ్లి తప్పు ఒప్పుకోవాలని నిర్ణయించుకున్నాను. రాయి చేజారిపోతుందని రామాంజనేయులు వద్దన్నాడు. నేను వినలేదు.

మరుసటి ఆదివారం అందర్నీ పిలిపించి చెప్పాను: ఆ పేరు రాయిలో లేదు, పొరపాటున అన్నాను, క్షమించండి.

“అట్లయితే రాయిని తీసకపోదామా?” అన్నాడు తిప్పేస్వామి.

“పేరు తెలియకపోతే ఏమప్పా, బావి తవ్వించింది నిజమే కదా. దీన్ని ఇక్కడే నిలబెట్టాలి. గుంత నేనే తవ్వుతాను” అని గడ్డపార అందుకున్నాను. నాలుగు పోట్లు పొడిచేసరికి చేతులు బొబ్బలెక్కాయి. అది చూసి మగవాళ్లు వచ్చి గడ్డపార తీసుకున్నారు. ఆరుగురు కలిసి రాయిని పైకెత్తి పక్కన పెట్టారు.

రాయి పడి ఉన్న చోటే తవ్వుతుంటే, మోచేతి లోతున గడ్డపారకు ఏదో ఖంగుమని తగిలింది. గట్టిపడిన మట్టిలోంచి అరచేయంత ముక్క బయటపడింది. రామాంజనేయులు దాన్ని కడిగి, విరిగిన మూలకు ఆనించాడు. సందు లేకుండా అతికింది.

దాని మీద నాలుగు అక్షరాలున్నాయి. ఓబళక్క.

నేను అక్కడే కూర్చుని ఆ నాలుగు అక్షరాలనూ వేలితో తడిమి చూశాను.

“మీరు ముందే సరిగ్గా చెప్పినారు కదా మేడమ్. మళ్లీ కాదని ఏంటికి అన్నారు?” అని తిప్పేస్వామి అడిగాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. తర్వాత తనే సిమెంటు తెప్పించి రాయిని నిలబెట్టించాడు.

ఏదో నోటికొచ్చిన పేరు అంటే అది కలిసొచ్చిందని కొందరు అంటారు. కావచ్చు. నాగక్కో లక్ష్మక్కో, ఊరూరా వినిపించే పేరు అయ్యుంటే నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ ముక్క ఎప్పటినుంచో రాయి కింద మట్టిలోనే ఉంది. దాన్ని నేను చూసే వీలే లేదు.

తర్వాత చాలా ఏళ్లు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాను. ఈమె పేరు ఎలా తెలిసిందని అడిగితే ఆ ముక్కను చూపించేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ ముక్క దొరకడానికి ఎనిమిది రోజుల ముందే ఆ పేరు నా నోట్లోంచి ఎలా వచ్చిందో మాత్రం ఏ పిల్లలకూ చెప్పలేకపోయాను. నాకే తెలియదు.