బావగారి నోట్లో బోల్టులు

తొంభైల మొదట్లో, పెళ్లయి చిక్కడపల్లిలో కాపురానికి వచ్చిన కొత్తలో జరిగిందిది. మా బావగారు, అంటే మావారి అన్నయ్య, డాబా మీద సొంతంగా చిన్న విమానం తయారు చేస్తుండేవారు. అంతటి మేధావికి బోల్టులు పెట్టుకోవడానికి నోరు తప్ప వేరే చోటు దొరకలేదు. "రెండు చేతులకూ పని ఉంటది గదమ్మా, నోరైతే దగ్గర్లుంటది" అనేవారు. చొక్కాకి జేబు ఎందుకు కుడతారో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఒక సాయంత్రం టీ తీసుకెళ్లాను. రెక్క బిగిస్తున్న మనిషి, నోటినిండా బోల్టులతోనే "అక్కడ పెట్టమ్మా" అనబోయారు. ఒక బోల్టు గొంతులోకి జారింది. కళ్లు తేలేశారు. మాట లేదు, ఊపిరి లేదు. ఆయన ఎదుట గట్టిగా మాట్లాడటానికే జంకే నేను, ఆయన్ని వంచి వీపు మీద బలమంతా పెట్టి బాదాను.

ఎదురింటి అక్క వాళ్ల డాబా మీద బట్టలు తీస్తూ కేకేసింది. "అయ్యో! బావగారిని గట్ల కొడుతున్నవేంది?"

చివరికి బోల్టు ఎగిరి బయట పడింది. బావగారు ఊపిరి పీల్చుకుని, దాన్ని వెతికి తీసి, వెలుతురులో తిప్పి చూశారు.

"జర మెల్లగ కొట్టొద్దా అమ్మా? బోల్టు ఖరాబైంది."

నేను బావను కొట్టానన్న వార్త మర్నాటికల్లా అశోక్‌నగర్ దాకా పాకింది. ఎందుకు కొట్టానని ఒక్కరూ అడగలేదు. ఇప్పటికీ చుట్టాలెవరైనా ఆయన తెలివిని పొగడటం మొదలుపెడితే, బోల్టు బయటపడ్డాక కూడా ఇంకో రెండు వేసి ఉండాల్సింది అనిపిస్తుంది.