సగంలో తెగిన లాలిపాట

2022 ఎండాకాలం. చిక్కడపల్లిలో ఒక పాత మేడ మొదటి అంతస్తులో నాకు చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. గాయకులు సొంత ఖర్చుతో వచ్చి పాట చేయించుకుంటారు. ఆ పాట ఫోన్ నుంచి ఫోన్‌కి ఊరికే వెళ్లిపోతుంది కాబట్టి దాని మీద రూపాయి రాదు. విన్నవాళ్లెవరైనా ఫంక్షన్‌కి పిలిస్తేనే పాడినవాళ్లకు బతుకుతెరువు.

స్వరూప అలా బతికే గాయని. ఇల్లు ముషీరాబాద్‌లో. శ్రీమంతాలకు, బారసాలలకు పాడేది. తను రాసుకున్న లాలిపాట రికార్డు చేస్తుంటే చివరి చరణంలో, ‘అమ్మ ఇక్కడే ఉం’ అన్నచోట దగ్గొచ్చి ఆగింది. నీళ్లు తాగాక మిగతాది పాడింది. ఆ సాయంత్రం ఆమె వినాలని అడిగితే రఫ్ మిక్స్ పంపాను. అంటే మెరుగులు దిద్దకముందు, సరిచూసుకోవడానికి ఇచ్చే ఫైలు. దగ్గు తీసేశాను గానీ మిగతా ముక్క ఇంకా అతికించలేదు. ఫైలు మీద పేరూ లేదు. ఆమె తన అక్కకు పంపింది, అక్క ఇంకెవరికో పంపింది.

మూడు నెలల తర్వాత స్వరూప వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

“అన్నా, నేను సచ్చిపోయిన్నంట.”

ఫోన్ చూపించింది. నా ఫైలే. కింద ఎవరో రాశారు: ‘బిడ్డను నిద్రపుచ్చుతూ ప్రాణం విడిచిన తల్లి ఆఖరి పాట. పదిమందికి పంపండి.’

“అశోక్‌నగర్ల బారసాల. నేను పాట ఎత్తుకోంగనే నాయనమ్మ ఉయ్యాలలకెల్లి పిల్లను తీసుకొని లోపలికి పోయింది. ‘ఆ గొంతు వద్దు, అది పోయినావిడ గొంతు’ అన్నది. అప్పటిసంది ఎవ్వరు పిలుస్తలేరు.”

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. కోసింది నా చెయ్యే. ఎక్కడ కోశానో తెలుసు. అయినా ‘ఉం’ తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దంలో నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

“తప్పు నాది, స్వరూపా,” అన్నాను.

“తప్పు సంగతి తర్వాత. ఒక్కోపాలి ఫోన్ల నా గొంతు నాకే భయమైతున్నది అన్నా.”

పూర్తి పాట ఆమె పేరుతో ఆన్‌లైన్‌లో పెట్టాం. ఎవరూ పట్టించుకోలేదు. ‘చచ్చిపోయినామె’ పాటే తిరుగుతూ ఉంది. ఇక మనిషినే చూపించాలనుకున్నాం. నారాయణగూడలో తెలిసినవాళ్ల సంగీత పాఠశాల హాలు తీసుకుని, ఆదివారం ఉదయం టికెట్ ప్రోగ్రాం పెట్టాం. పోస్టర్ మీద ఆమె ఫొటో, కింద ‘ఈ పాట పాడింది నేనే’ అన్న మాట.

నలభై మంది దాకా వచ్చారు. అందరికీ ఆ పాట నోటికొచ్చు. ఆమెతోపాటు సన్నగా గొంతు కలిపారు. ‘అమ్మ ఇక్కడే ఉం’ దగ్గర హాలంతా ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. వాళ్లకు తెలిసిన పాట అంతే. స్వరూప కూడా ఆగింది. ఆమె కళ్లు మూసుకుని, ‘ఉంది’ అని అందుకుని, మిగతా చరణం ఒంటరిగా పాడింది.

అయిపోయాక ముందు వరసలోని ఒక పెద్దావిడ లేచొచ్చి ఆమె మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

“చెయ్యి వెచ్చగనే ఉంది బిడ్డా,” అంది చివరికి. “మా మనవరాలి శ్రీమంతానికి వస్తవా?”

ఆ రోజే ఇంకో ఇద్దరు అడిగారు. ఇప్పుడు ఆమెకు నెలంతా పని ఉంటోంది.

అప్పటి నుంచి రఫ్ మిక్స్ అయినా సరే, పాట మొదట్లో పాడినవాళ్లు తమ పేరు తామే చెప్పి రికార్డు చేశాకే ఫైలును నా గది దాటనిస్తాను. బయటికెళ్లిన ఫైలును వెనక్కి పిలవలేం. దాని వెనకే మనిషి వెళ్లి నిలబడాలి.

ఆ ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది. మొన్న ఒకాయన ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేసి, ‘పోయినామె’ పాటలు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఆమె బతికే ఉందని చెప్పి, స్వరూపను అడిగి నంబరిచ్చాను. ఆమె హలో అనగానే పెట్టేశాడట.

“మళ్ల చేస్తడు అన్నా,” అంది స్వరూప. “భయపడ్డోళ్లే నన్ను ముందుగాల పాడనీకి పిలుస్తున్నరు.”