అవతలి గట్టు చూడని ఇంజనీరు

చక్రధర్ రెండేళ్లుగా గీస్తున్న వంతెనకు ఇవతలి గట్టు ఐర్లాండ్, అవతలిది ఉత్తర ఐర్లాండ్, అంటే బ్రిటన్. ఇవతలి గట్టంతా కాలికి బురద అంటేలా తిరిగాడు. అవతలిది ఫొటోల్లోనే చూశాడు. మన పాస్‌పోర్టుతో అటు అడుగు పెట్టాలంటే వేరే వీసా కావాలి. అది ఇంకా రాలేదు. పైగా ఐర్లాండ్ పౌరసత్వానికి పెట్టుకున్న అర్జీ చివరికొచ్చింది. ఇప్పుడు చిన్న మచ్చ పడ్డా అంతే సంగతులు.

ఆ సాయంత్రం చర్చి హాల్లో ఊరివాళ్లతో మీటింగు ముగియగానే, అవతలి గట్టున పశువులు పెంచుకునే నోరా అనే పెద్దావిడ అతన్ని పట్టుకుంది.

"నీ చివరి స్తంభం మా పొలంలో దిగుతోంది. ఆ నేల మంచిది కాదని మొత్తుకుంటున్నా ఎవరూ వినరు. రా బాబూ, చూపిస్తా."

వీసా లేదని చెప్పాలి. కానీ ఆవిడ అప్పటికే కారు తలుపు తీసి పట్టుకుంది. ఒంగోలు మనిషికి గిత్తంత బలమున్నా, పెద్దవాళ్లను కాదనే బలం మాత్రం దేవుడివ్వలేదు. మొహమాటం కొద్దీ ఎక్కి కూర్చున్నాడు.

పాత వంతెన మీద గేటూ లేదు, కాపలా లేదు. రోడ్డంచున పసుపు గీత తెల్లగా మారింది, అంతే. చక్రధర్‌కు చెమటలు పట్టాయి. ఎదురుగా పోలీసు బండి వస్తుంటే, ఏ పాపం ఎరగనివాడు ఎలా కూర్చుంటాడో తెలియక సీటు బెల్టు సర్దుకున్నాడు. బండి పక్కనుంచి వెళ్లిపోయింది.

"ఒంట్లో బాగా లేదా?" అంది నోరా.

"గ్రాండ్," అన్నాడు, బాగానే ఉన్నానని ఐర్లాండ్ వాళ్లు చెప్పే పద్ధతిలో.

పొలంలో పచ్చగడ్డి నవనవలాడుతోంది. నాలుగడుగులు వేశాడో లేదో, కాలు మోకాటిదాకా దిగబడింది. కింద నీటి ఊట. మట్టి పరీక్షలు ఎగువన గట్టినేలలో చేశారు! ఇక్కడ స్తంభం వేసి, రోడ్డుకు మట్టికట్ట పోస్తే ఈ నీరంతా పక్కనే పల్లంలో ఉన్న నోరా ఇంట్లోకే పోతుంది. భయం సంగతి మరిచిపోయి అతను ఆ ఇంటివైపే చూస్తుండిపోయాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పగానే భార్య సుధేష్ణ తల పట్టుకుంది. "కొరివితో తల గోక్కున్నారు కదండీ! ఎవరూ చూళ్లేదుగా, నోరు మూసుకోండి."

"ఆవిడ ఇల్లు మునుగుతుంది సుధా."

"మరి మనిల్లు?"

ఆ రాత్రి చక్రధర్‌కు అన్నం సహించలేదు.

మర్నాడు ఆఫీసులో స్తంభాల చోట్లు ఖాయం చేస్తున్నారు. "చివరిది జరపాలి, కింద ఊట ఉంది," అన్నాడు చక్రధర్.

"నోరా చెప్పిందా? ఆవిడ పాట ఎప్పుడూ ఉండేదే," నవ్వాడు మేనేజరు. "ఆవిడ మాట మీద మట్టి పరీక్షకు మళ్లీ బోర్లు వేయలేం. ఈ రోజుతో ఇది ముగించాలి."

చక్రధర్‌కు వీసా రాలేదని ఆ గదిలో అందరికీ తెలుసు.

"ఆవిడ మాట కాదు. నిన్న నేనే అక్కడికి వెళ్లి మోకాటిదాకా దిగబడ్డాను," అన్నాడు.